మొదటి భాష ఎవరి నిర్ణయం?

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 2001 ఏప్రిల్‌లో ఒక చిన్న లేఖ రాశాడు. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్ర విభాగానికి సంబంధించిన ముఖ్య నిర్ణయాలు చేసే ఆచార్యమండలికి రాశాడు. కొత్తగా చేరిన విద్యార్థులకు ప్రోగ్రామింగ్ నేర్పటానికి అక్కడ హాస్కెల్ అనే భాషను వాడుతూ ఉండేవారు. దాన్ని తీసేసి జావా పెట్టబోతున్నారని ఆయన చెవిన పడింది. అట్లా చెయ్యవద్దని ఆ లేఖలో కోరాడు. ఆయన కోరినట్టు జరగలేదు. జావా వచ్చింది. మరుసటి ఏడు ఆగస్టులో డైక్‌స్ట్రా చనిపోయాడు.

ఓడిపోయిన లేఖ ఒకదాన్ని పట్టుకుని, అందులోనూ యంత్రాల భాషను గురించిన లేఖను పట్టుకుని, విమర్శకు ఉద్దేశించిన ఈ పత్రికలో ఇంత చోటు ఆక్రమించటం ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈనాడు మన రెండు రాష్ట్రాలలోనూ ఏటా వేలకు వేలమంది పిల్లలు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఎందరో తమ ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు. వాళ్లు ఏ భాషలో, ఏ తీరున ఆలోచించటం నేర్చుకుంటున్నారన్నది సాహిత్యానికి పరాయి ప్రశ్న అని నేను అనుకోను. పైగా నేను ఇరవై ఏళ్లకు పైగా ఆ పాఠమే చెప్పి బతికినవాణ్ణి. కనక ఈ లేఖను నేను తటస్థుడిగా చదవలేను, చదివినట్టు నటించనూ లేను.

ముందు రెండు భాషలకూ గల తేడా చెప్పాలి. జావా, సి వంటివి ఆజ్ఞల భాషలు. ఈ పని చెయ్యి, తరవాత ఆ పని చెయ్యి, ఈ గదిలో ఉన్న అంకె తీసి దానికి ఒకటి కలిపి మళ్లీ అదే గదిలో పెట్టు, అని యంత్రానికి వరసగా ఆజ్ఞలిస్తాం. హాస్కెల్‌లో ఆజ్ఞలు కాదు, నిర్వచనాలు రాస్తాం. ఒక సంఖ్య ఫాక్టోరియల్ కావాలనుకోండి. అంటే ఒకటి మొదలు ఆ సంఖ్య దాకా అన్నిటినీ హెచ్చించగా వచ్చే లబ్ధం. ఆజ్ఞల భాషలో ఒక గదిలో 1 ఉంచి, లెక్కకు మరొక గది పెట్టి, చుట్లు తిరుగుతూ హెచ్చించుకుంటూ పోవాలి. హాస్కెల్‌లో, సున్న ఫాక్టోరియల్ ఒకటి అని ఒక వాక్యమూ, మరే సంఖ్య ఫాక్టోరియల్ అయినా ఆ సంఖ్యను దానికంటె ఒకటి తక్కువైనదాని ఫాక్టోరియల్‌తో హెచ్చించగా వచ్చేదని రెండో వాక్యమూ రాస్తే సరి. లెక్కల పుస్తకంలోని నిర్వచనమే ప్రోగ్రాం అవుతుంది. 1987లో పోర్ట్‌లండ్‌లో కలుసుకున్న పరిశోధకులు ఈ భాషను సంకల్పించి 1990లో దాని మొదటి నివేదిక వెలువరించారు. ఏ కంపెనీ దాన్ని అమ్మటానికి తయారు చెయ్యలేదు. జావాను సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ 1995లో విడుదల చేసింది. 2010లో ఆ కంపెనీని ఒరాకిల్ కొనేసింది.

డైక్‌స్ట్రా వాదం ఇది. విద్యార్థులు హైస్కూలులోనే ఏదో ఒక ఆజ్ఞల భాష కొంత నేర్చుకుని వస్తారు. కాలేజీలో అడుగుపెట్టగానే హాస్కెల్ ఎదురైతే, ప్రోగ్రామింగ్ అంటే తామనుకున్నంత మాత్రమే కాదని వాళ్లకు తెలిసివస్తుంది. అంతకంటె మౌలికమైన కారణం, హాస్కెల్ ప్రోగ్రామును గణితంలోని వస్తువులాగా పరిశీలించవచ్చు. యంత్రం లోపల ఏ క్షణాన ఏం జరుగుతున్నదని ఊహించుకుంటూ కూర్చోకుండానే అది సరైనదో కాదో తర్కించవచ్చు. జావా ఒక గందరగోళమనీ, అది చెల్లుబాటు కావటానికి చాలా ప్రచారం, దూకుడైన అమ్మకం అవసరమైనాయనీ ఆయన దాపరికం లేకుండా అన్నాడు. పరిశ్రమ మేలైన దాన్ని గుర్తించకపోయినా, దాన్ని బతికించి ఉంచటం విశ్వవిద్యాలయం పని అన్నాడు. సంగీతజ్ఞుణ్ణి వాద్యం మలిచినట్టే ప్రోగ్రాం రాసేవాడి ఆలోచనను భాష మలుస్తుందని కూడా అన్నాడు. ఒకసారి అలవడినదాన్ని తరవాత మరిపించటం అసలు సాధ్యమేనా అన్న అనుమానం కూడా వెలిబుచ్చాడు.

ఈ చివరి మాట నాకు లేఖకు ఆయువుపట్టుగా కనిపిస్తుంది. పనిముట్టు మనిషిని మలుస్తుందన్న సంగతి అభ్యుదయవాదులకు కొత్త కాదు. దాన్ని గణితశాస్త్రజ్ఞుడొకడు, 1972లో ట్యూరింగ్ పురస్కారం పొందినవాడు, అమెరికాలో జావా ప్రభ వెలిగిపోతున్న రోజుల్లో, తన వృత్తిలోని అనుభవం నుంచి చెప్పాడు. 1999లోనే ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. తనకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. తాను ఇక ఎన్నడూ పాఠం చెప్పని విద్యార్థుల కోసం రాశాడు. ఆ నిజాయితీకి నేను నమస్కారం పెడతాను. పెట్టిన తరవాత కొన్ని ప్రశ్నలు అడగక తప్పదు.

మొదటిది, ఆయన మనసులో ఉన్న విద్యార్థి ఎవడు? హైస్కూలులోనే కంప్యూటరు వాడి వచ్చినవాడు. అంటే బడిలోనో ఇంట్లోనో కంప్యూటరు ఉన్నవాడు. 2001లో టెక్సాస్‌లో అట్లాంటి పిల్లలు చాలామంది ఉండి ఉంటారు. నా క్లాసులో కూర్చున్నవాళ్లు వేరు. కంప్యూటరు మీద మొదటిసారి చెయ్యి వేసింది మా లాబులోనే అయినవాళ్లు వాళ్లలో సగానికి పైగా ఉండేవారు. మరిపించవలసిన పాత అలవాటు వాళ్లకు లేనేలేదు. అంతమాత్రాన డైక్‌స్ట్రా వాదం వాళ్లకు వర్తించదనుకుంటే పొరపాటు. ఒక సంగతి చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, నల్గొండ జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడొకడు క్లాసులో లేచి నిలబడ్డాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడు. నేను బోర్డు మీద ‘ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ వన్’ అని రాసి ముందుకు పోతున్నాను.

‘‘సార్, అది తప్పు గద. రెండు దిక్కుల ఎక్స్ కొట్టేస్తే సున్న ఒకటికి సమానమైతది,’’ అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ‘‘అది లెక్కల్లో ఈక్వల్ కాదు, ఇక్కడ అసైన్‌మెంట్. అట్లాగే రాసుకో,’’ అన్నాను. అతను కూర్చున్నాడు. ఆ సెమిస్టరులో మళ్లీ ప్రశ్న అడగలేదు.

తప్పు ఎవరిది? కుర్రవాడు చెప్పినది అక్షరాలా నిజం. పదేళ్లు కష్టపడి నేర్చుకున్న బీజగణితం ఎక్స్‌ను ఒక విలువకు పేరుగా చూడమని అతనికి నేర్పింది. మొదటి రోజే నేను దాన్ని అవతల పారెయ్యమన్నాను, ఎందుకో చెప్పకుండానే. సి భాషను కల్పించినవాళ్లు సమానమనే గుర్తును ‘ఈ గదిలో పెట్టు’ అనే అర్థంలో వాడారు. ఆ అలవాటు అంతకుముందు ఫోర్ట్రాన్‌లోనే ఉన్నది. అది గత్యంతరం లేక చేసినదేమీ కాదు. ఆల్గాల్ 60లో ఆ పనికి సమానం గుర్తు ముందు రెండు చుక్కలు పెట్టి వేరే గుర్తు చేశారు. 1970లో నిక్లస్ విర్త్ ముఖ్యంగా బోధన నిమిత్తం రూపొందించిన పాస్కల్ భాషలోనూ దాన్నే నిలుపుకున్నాడు. రెండు చుక్కల తేడా. ఆ రెండు చుక్కలు ఉన్న భాష మా సిలబస్‌లో ఉండి ఉంటే ఆ ప్రశ్నకు జవాబు బోర్డు మీదే ఉండేది. హాస్కెల్ అయి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. అందులో ఎక్స్ లెక్కల పుస్తకంలోని ఎక్స్ వంటిదే. ఆస్టిన్ విద్యార్థికి హాస్కెల్ ఒక వింత కావటం మేలని డైక్‌స్ట్రా అన్నాడు. నల్గొండ కుర్రవాడికి అది వింత కాదు, అప్పటికే తెలిసిన చోటు. డైక్‌స్ట్రా చేతిలో లేని సాక్ష్యాన్ని ఆయన పక్షాన ఈ కుర్రవాడు ఇస్తున్నాడు.

ఇక రెండో ప్రశ్న దగ్గర నేను ఆయనతో విడిపోతాను. యంత్రం ఏం చేస్తున్నదని ఆలోచించటమే చెడ్డ అలవాటు అన్నట్టు ఆయన మాట్లాడతాడు. ఇది ఆ ఒక్క లేఖలో కనిపించే ధోరణి కాదు. 1988లో కంప్యూటర్ శాస్త్రబోధనను గురించి రాసిన వ్యాసంలో, మొదటి సంవత్సరం విద్యార్థులకు నేర్పే భాష ఆ కాలేజీ యంత్రాలలో నడవకుండా ఉండటమే మంచిదన్నాడు. నడిపి చూసి సరిచూసుకునే ప్రలోభం నుంచి పిల్లలను కాపాడాలట! ప్రోగ్రాం రాయాలి, అది సరైనదని కాగితం మీద నిరూపించాలి, యంత్రం జోలికి పోరాదు. దీన్ని భావవాదమనక ఇంకేమనాలి? తలతో చేసే పని ఉత్తమం, చేతితో చేసే పని హీనమన్న పాత విభజన ఇక్కడ గణితం వేషంలో వచ్చింది. అట్లాగని యంత్రం తెలియని మనిషి చెప్పిన మాట కాదిది. ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రంలో 1952 నుంచి పదేళ్లు యంత్రాలతో కుస్తీపట్టి, 1960లో సహోద్యోగి జోన్నెవెల్డ్‌తో కలిసి ఆల్గాల్ 60కి కంపైలర్ తయారు చేసినవాడు. యంత్రంతో అంత పరిచయం కలిగిన తరవాత దాన్ని మరిచి ఆలోచించటం ఆయనకు సాధ్యమయింది. మొదటిసారి కీబోర్డు మీద చెయ్యి వేసిన పిల్లకు ఆ సదుపాయం లేదు. తాను రాసినది యంత్రం చేసి చూపిస్తే ఆ పిల్ల ముఖంలో కనబడే వెలుగు నేను ఏటా చూశాను. అది ప్రలోభమంటే నేను ఒప్పుకోను.

బేసిక్ భాషను గురించి ఆయన 1975లో అన్నమాటలు ఇంకా కఠినమైనవి. ముందుగా బేసిక్ నేర్చినవాళ్లు ఇక మంచి ప్రోగ్రాములు రాయలేరనీ, వాళ్ల బుద్ధి బాగుపడని విధంగా చెడిపోయిందనీ అన్నాడు. బేసిక్ ఏమిటి? డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కుర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు సైన్సు చదవని విద్యార్థుల కోసం కూడా తయారు చేసిన భాష. 1964 మే 1న అది మొదటిసారి నడిచింది. అప్పటిదాకా విద్యార్థి చిల్లుల కార్డులు ఆపరేటరుకిచ్చి, ఫలితం కోసం గంటలకొద్దీ, కొన్ని చోట్ల రోజులకొద్దీ కాచుకునేవాడు. డార్ట్‌మత్‌లో ఒకే యంత్రాన్ని అనేకమంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసి, విద్యార్థి తానే టెలిటైపు ముందు కూర్చుని రాసి, అప్పటికప్పుడు జవాబు చూసుకునేట్టు చేశారు. కంప్యూటరును ఆపరేటర్ల గదిలో నుంచి మామూలు మనుషుల మధ్యకు తేవటంలో అది పెద్ద అడుగు. ఆ భాషలో లోపాలు లేవనను. ఎక్కడినుంచి ఎక్కడికైనా దూకమనే ఆజ్ఞ వల్ల ప్రోగ్రాములు చిక్కుపడిన నూలుకండెలయ్యేవి. కెమెనీ, కుర్ట్జ్‌లు కూడా 1980ల నడుమ ఆ లోపాలు సవరించిన కొత్త బేసిక్ తెచ్చారు. భాష లోపాలు చూపటం విమర్శ అవుతుంది. దాన్ని నేర్చినవాళ్ల బుద్ధికి ముద్ర వెయ్యటం మరొకటి. వ్యావహారికం రాసేవాడికి సంస్కారం ఉండదని మన పండితులు ఒకప్పుడు అన్న ధోరణి ఇదే.

ఇక లేఖ ముగింపు. మొదటి భాషను ఎంచటం గుమస్తాలకూ రాజకీయులకూ వదిలెయ్యదగిన పని కాదనీ, దానికి రాజనీతిజ్ఞులు కావాలనీ ఆయన అన్నాడు. ఆచార్యమండలిలోని పెద్దలను ఉద్దేశించి అన్నమాట అది. లేఖ ఎందుకు ఓడిపోయిందో నాకు ఇక్కడ తెలుస్తుంది. ఆ పాఠం రోజూ చెప్పే జూనియర్ ఉపాధ్యాయుడి ప్రసక్తి అందులో లేదు. నేర్చుకుని బయటికి పోయి కూడు సంపాదించుకోవలసిన విద్యార్థి ప్రసక్తి కూడా లేదు. మేలైన వస్తువు ఏదో నిరూపిస్తే చాలు, పైనున్న విజ్ఞులు దాన్ని నిలబెడతారని ఆయన నమ్మాడు. పైనున్న విజ్ఞులు మార్కెట్టు ఎటు వీస్తే అటు పోయారు.

మార్కెట్టు అనే ఈ మాటను మనవైపు నుంచి కొంచెం దగ్గరగా చూడాలి. నేను ఒకసారి ఒక విశ్వవిద్యాలయం సిలబస్ సమావేశానికి పోయాను. మొదటి సెమిస్టరులో సి తీసేసి, నిర్వచనాలతో ఆలోచించటం నేర్పే భాష ఏదైనా పెట్టి చూద్దామని ఒక అర్జీ రాసుకుని పోయాను. డైక్‌స్ట్రా లేఖ సారాంశం కూడా అందులో చేర్చాను. అర్జీ చదవటం పూర్తికాకముందే ఒక పెద్దమనిషి, ‘‘ఇండస్ట్రీ సి అడుగుతోందండీ. మన పిల్లలకు ఉద్యోగాలు రావొద్దా?’’ అన్నాడు. ఉద్యోగం మాట వస్తే నేను వెటకారం చెయ్యను. ఆటో నడిపి కొడుకుకు చదువు చెప్పించే తండ్రి ఎదుట తర్కసౌందర్యం గురించి ఉపన్యాసమిచ్చే ధైర్యం నాకు లేదు. అయితే ఆ పెద్దమనిషి చెప్పినది నిజమేనా?

మా లాబులలో నడిచినది ఇండస్ట్రీ వాడే సి కాదు. టర్బో సి. బోర్లండ్ కంపెనీ 1987లో డాస్ మీద నడవటానికి తెచ్చిన సరుకు; తరవాత 1990ల ఆరంభంలో దానికే టర్బో సి ప్లస్ ప్లస్ అనే రూపం వచ్చింది. సి భాషకు 1989లో ప్రమాణం ఏర్పడింది, 1999లోనూ 2011లోనూ అది మారింది. ఆ మార్పులు మా నీలం తెర దాకా రాలేదు. కొత్త యంత్రాలలో టర్బో సి నడవకపోతే, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం ఒకటి ఎక్కించి, ఆ పాత గదిని కొత్త ఇంట్లో మళ్లీ కట్టుకుని, అందులోనే కాపరం చేశాం. 2010 దాటాక కూడా చేశాం. ప్రమాణంలో లేని ‘క్లియర్ స్క్రీన్’ ఆజ్ఞ రాయనివాడికి మార్కులు తగ్గించిన పరీక్షకుణ్ణి నేనెరుగుదును. ఇదంతా ఇండస్ట్రీ అడిగిందా? ఇండస్ట్రీ దాన్ని పారేసి ఎంతో కాలమయింది. ఇండస్ట్రీ అడిగే జావా, ఒరాకిల్ మాట అంటారా? అవి మా పిల్లలు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో, మూడేసి నెలలు కూర్చుని, తండ్రుల డబ్బుతో మళ్లీ నేర్చుకున్నారు. అంటే మా కాలేజీ డైక్‌స్ట్రా కోరిన పనీ చెయ్యలేదు, ఆయన ప్రత్యర్థులు కోరిన పనీ చెయ్యలేదు.

మరి ఆ భాష ఎందుకు నిలిచింది? సమావేశం ముగిసి టీ తాగుతుండగా అదే పెద్దమనిషి నా భుజం మీద చెయ్యివేసి అసలు సంగతి చెప్పాడు. ‘‘మాష్టారూ, భాష మారిస్తే పేపర్లు ఎవరు సెట్ చేస్తారు, ఎవరు దిద్దుతారు?’’ నాకు కోపం రాలేదు. అక్కడ నేను విన్న మాటల్లో నిజమైనది అదొక్కటే. అప్పటికి పదిహేనేళ్ల ప్రశ్నపత్రాలున్నాయి. వాటికి జవాబులతో గైడ్లున్నాయి. ఒక్కొక్క లాబుకూ పది పన్నెండు ప్రోగ్రాములు, అచ్చంగా అవే ఏటా రికార్డులో ఎక్కుతాయి. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాస్తాడు. నెలకు చాలీచాలని జీతం తీసుకుంటూ వారానికి ఇరవై గంటలు చెప్పే ఉపాధ్యాయుడు, చాలాసార్లు నిన్నటిదాకా అదే కాలేజీ విద్యార్థి, ఆ రికార్డు మీద సంతకం పెడతాడు. అతన్ని నిందించి లాభం లేదు. నేనూ సంతకాలు పెట్టాను.

ఆ రికార్డుల్లో ఫాక్టోరియల్ ప్రోగ్రాం తప్పకుండా ఉంటుంది. ఇచ్చిన సంఖ్య ఎప్పుడూ 5. జవాబు ఎప్పుడూ 120. టర్బో సి‌లో మామూలు పూర్ణాంకం గదిలో పట్టే పెద్ద అంకె 32767. ఏడు ఫాక్టోరియల్ 5040, అది పడుతుంది. ఎనిమిది ఫాక్టోరియల్ 40320, అది పట్టదు. తెర మీద మైనస్ 25216 అని వస్తుంది. ధనసంఖ్యలను హెచ్చిస్తే రుణసంఖ్య ఎట్లా వచ్చిందని ఒక్క పిల్ల అడిగినా అక్కడి నుంచి ఎంత పాఠం చెప్పవచ్చు! గది కొలత, రెండు అంకెలతోనే సంఖ్యలు రాసే విధం, యంత్రం ఎందుకు ‘అబద్ధం’ చెబుతుంది, హాస్కెల్‌లో మామూలుగా వాడే పూర్ణాంకం ఎందుకు చెప్పదు — ఇదంతా ఆ ఒక్క రుణసంఖ్యలో ఉన్నది. యంత్రాన్ని చూడవద్దన్న డైక్‌స్ట్రాకు, చూసినా అడగవద్దన్న మా రికార్డుకు మధ్య ఆ ప్రశ్న చచ్చిపోయింది. ఇన్నేళ్లలో 8 ఇచ్చి చూసిన రికార్డు నా చేతికి ఒక్కటీ రాలేదు.

భాషా తగాదాలు చివరకు పరీక్షకాగితం దగ్గరే తేలతాయని మనకు తెలిసి ఉండవలసింది. గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారికం కోసం చేసిన పోరాటం కవుల శైలి గురించి మాత్రమే కాదు. పిల్లవాడు పరీక్షలో వ్యాసం ఏ భాషలో రాయవచ్చునన్నది 1910 తరవాతి సంవత్సరాలలో ఆ తగాదాకు కేంద్రమయింది. పర్లాకిమిడిలో పాఠం చెప్పిన మనిషి కనక ఆయనకు ఆ కీలకం తెలిసింది. డైక్‌స్ట్రా లేఖలో పరీక్ష అన్న ప్రసక్తే లేదు.

మంచి భాషను మొదటి భాషగా పెట్టటం అసాధ్యమని నేననటం లేదు. మనకు దగ్గర్లోనే చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి సెమిస్టరు పిల్లలకు హాస్కెల్ నేర్పుతూ వచ్చారు. అక్కడ విద్యార్థులు కొద్దిమంది, చెప్పే ఆచార్యుడే ప్రశ్నపత్రం రాస్తాడు, దిద్దేదీ అక్కడివాళ్లే. అందుకే అది సాధ్యమయింది. భాష గొప్పతనం ఒక్కటే అయితే ఆస్టిన్‌లోనూ నిలిచేది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో స్కీమ్ భాషతో, ఏబెల్సన్, సస్‌మన్‌ల పుస్తకంతో ఇరవై ఏళ్లకు పైగా నడిచిన ప్రసిద్ధమైన తొలి కోర్సు 2000ల చివర ఆగిపోయి, పైథాన్ వచ్చింది. ఇప్పటి ఇంజనీరు తాను పూర్తిగా ఎరగని సరంజామాతో, కదిపిచూసి తెలుసుకుంటూ పని చెయ్యవలసి వస్తున్నదని, అందుకు వేరే పాఠం కావాలని సస్‌మన్ స్వయంగా చెప్పాడు. ఆ కారణంతో ఏకీభవించకపోవచ్చు గాని, అది పాఠం చెప్పేవాడు తన పని గురించి ఆలోచించి చెప్పిన కారణం.

పైథాన్ గురించి ఒక ముచ్చట. దాన్ని గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేశాడు. అంతకుముందు ఆయన, కొత్తగా నేర్చుకునేవారి కోసం తయారవుతున్న ఏబీసీ అనే భాష మీద పనిచేశాడు. ఎక్కడ? ఒకప్పుడు డైక్‌స్ట్రా ఉద్యోగం చేసిన ఆ ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రంలోనే. అప్పటికి దాని పేరు మారింది. బేసిక్‌లోని సులభత్వం, పాస్కల్ శుభ్రత రెండూ కొంతకొంత దానికి అబ్బాయి. ఎక్కిన పూర్ణాంకానికి గది చాలలేదన్న బెడద కూడా లేదు. నూరు ఫాక్టోరియల్ అడిగితే నూట యాభై ఎనిమిది అంకెలూ తప్పులేకుండా రాసి చూపిస్తుంది. బొంబాయి ఐఐటీలోని ఫాస్సీ అనే బృందం మన దేశపు కాలేజీలలో దీని వంటి ఉచిత సాధనాల వాడకాన్ని పెంచటానికి చాలాకాలంగా కృషి చేస్తున్నది. సీబీఎస్ఈ పన్నెండో తరగతిలో సి ప్లస్ ప్లస్ పోయి పైథాన్ వచ్చింది. మన కాలేజీలలోనూ అది వచ్చింది, వస్తున్నది. నల్గొండ కుర్రవాడి ప్రశ్నకు పైథాన్‌లోనూ సరైన జవాబు లేదు. దాని సమానం గుర్తు కూడా సి గుర్తే. అయినా టర్బో సి‌తో పోల్చి దాన్ని నేను స్వాగతిస్తాను. కాలేజీలకు అర్జీలు పెట్టే మిత్రులకు నా సూచన ఒక్కటే: భాష పేరుతోబాటు ఒక నమూనా ప్రశ్నపత్రం కూడా అర్జీకి జతచెయ్యండి. నేను ఆనాడు జతచెయ్యలేదు.

క్రితం ఏడు నా పాత విద్యార్థిని ఒకామె, ఇప్పుడు తనూ పాఠం చెబుతున్నది, తన కాలేజీలో భాష మారిందని సంతోషంగా చెప్పి లాబుకు తీసుకుపోయింది. నీలం తెర లేదు. బల్ల మీద సంతకానికి సిద్ధంగా రికార్డులు దొంతరగా ఉన్నాయి. పైదాన్ని తెరిచాను. పైథాన్‌లో ఫాక్టోరియల్ ప్రోగ్రాం. చక్కని చేతిరాత, ఎర్ర మార్జిను. కింద గీత గీసి రాసి ఉన్నది: ఇచ్చిన సంఖ్య 5, ఫలితం 120. రెండోది తెరిచాను. 5, 120. నేను మూడోది తీస్తుంటే ఆమె, ‘‘ఆగండి సార్,’’ అని పక్కనున్న కంప్యూటరు ముందు కూర్చుని, ఆ ప్రోగ్రామునే కొట్టి, సంఖ్య అడిగినచోట 100 వేసింది. అంకెలు రెండు వరసలు నిండిపోయాయి. వెనక బెంచీల దగ్గర నిలబడి ఉన్న నలుగురైదుగురు పిల్లలు దగ్గరికి వచ్చారు. ‘‘మేడమ్, మైనస్ అయిదు ఇస్తే?’’ అన్నాడు వాళ్లలో ఒకడు.